కౌబాయ్‌కో ఉద్యోగం!

శంషాబాద్‌ విమానాశ్రయం. రాత్రి పదకొండు దాటింది. అమెరికా చదువులకు బయల్దేరే ఆగస్టు నెలలో అక్కడ ఇసకేస్తే రాలదు. విమానం ఎక్కేది ఒక్కడే... సాగనంపడానికి మాత్రం జీపు నిండా జనం! అమ్మమ్మ నుదుట బొట్టు పెడుతుంది. బాబాయి పాస్‌పోర్టు ఉందో లేదో మూడోసారి అడుగుతాడు. ట్రాలీ మీద రెండు పెద్ద సూట్‌కేసులు. ఒక్కోటీ 23 కిలోలు దాటకుండా ఇంట్లో నాలుగుసార్లు తూకం వేసి సర్దినవి. వాటిలో ఆవకాయ, గోంగూర, కందిపొడి. అప్పుడప్పుడూ ఆ సూట్‌కేసుల మీద అడ్డంగా ఓ పొడవాటి నల్లపెట్టె కనిపిస్తుంది. అందులో గిటారు.

'అక్కడికెళ్లాక కూడా ఇదేనా నాయనా... బుద్ధిగా చదువుకోకూడదూ' అంటుంది తల్లి.

'సెలవు రోజుల్లోనేలే అమ్మా' అంటాడు కొడుకు.

2008 మార్చి 23న ఈ విమానాశ్రయం నుంచి రాకపోకలు మొదలయ్యాయి. అంతకుముందు ఈ వీడ్కోళ్లన్నీ బేగంపేటలోనే. చోటు మారింది కానీ తల్లుల బెంగ మారలేదు. చదువా, గిటారా? ఏదో ఒకటే పట్టుకోవాలా? ఈ ప్రశ్నను అమెరికాలో ఓ బృందం ఇరవై ఏళ్లపాటు మోసింది. విచిత్రంగా దాని పేరులోనే ఉద్యోగం ఉంది. జాబ్‌ ఫర్‌ ఎ కౌబాయ్‌... అంటే కౌబాయ్‌కో ఉద్యోగం!

ఎడారి ఊళ్లో మొదలు

అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్‌ నగరాన్ని ఆనుకుని గ్లెండేల్‌ అని ఓ ఊరుంది. మన రామగుండం ఎండల్ని తలపించే ఎడారి ప్రాంతం. 2003 డిసెంబరులో అక్కడి టీనేజీ కుర్రాళ్లు కొందరు కలిసి ఓ బృందం పెట్టారు. గాయకుడు జానీ డేవీ. గిటారు వాయించేవాళ్లలో ఒకరి పేరు రవి భద్రిరాజు.

భద్రిరాజు... ఈ ఇంటిపేరు తెలుగువారికి కొత్తేమీ కాదు. హైదరాబాద్‌ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిని తలుచుకోని తెలుగు శాఖ ఉండదు. ఆయనకూ ఈ గిటారిస్టుకూ చుట్టరికం ఉందని కాదు. భాషాశాస్త్ర గ్రంథాల మీద చూసి అలవాటైన ఇంటిపేరు, పుర్రెలూ మంటలూ బొమ్మలుగా వేసుకునే సంగీతంలో కనిపించడమే ముచ్చట!

కుర్రాళ్ల దగ్గర డబ్బు లేదు. పెద్ద కంపెనీల పరిచయాలూ లేవు. ఉన్నదల్లా మైస్పేస్‌. ఫేస్‌బుక్‌ ఇంకా అందరి చేతికీ రాని రోజులవి. పాట రికార్డు చేసి అందులో పెడితే ప్రపంచంలో ఎక్కడివాళ్లయినా వినొచ్చు. అలా చెవినపడ్డ పాట ఒకరినుంచి ఒకరికి పాకింది. 2005లో 'డూమ్‌' అనే చిన్న ఆల్బమ్‌ తెచ్చారు. అది మెటల్‌ బ్లేడ్‌ సంస్థ దృష్టిలో పడింది. ఈ సంస్థ చిన్నదేం కాదు. 1982లో బ్రయాన్‌ స్లేగెల్‌ మొదలుపెట్టినప్పుడు, తర్వాతి రోజుల్లో జగమెరిగిన మెటాలికా తొలి పాట వెలుగు చూసింది దీని సంకలనంలోనే.

ఆ అరుపులేంటి?

ఈ పాటలు తొలిసారి వింటే ఏ ఇంట్లోనైనా వచ్చే మాట ఒకటే... 'ముందు దాన్ని కట్టెయ్‌!' నిజమే, చెవికి ఇంపైన సంగీతం కాదిది. కానీ అందులోనూ ఓ సాధన ఉంది.

ఈ కథ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మొదలైంది. టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సంగీతం కోసం ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున మిషన్‌లో పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అవి తీగలు నొక్కాల్సిన వేళ్లే! అయినా వదల్లేదు. ప్లాస్టిక్‌ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తర్వాత్తర్వాత నొక్కడం తేలికయ్యేందుకు తీగల బిగువు తగ్గించాడు. బిగువు తగ్గితే శ్రుతి దిగుతుంది. శ్రుతి దిగితే శబ్దం బరువెక్కుతుంది. 1970లో తొలి ఆల్బమ్‌ తెచ్చిన ఆ బృందమే బ్లాక్‌ సబ్బత్‌. హెవీ మెటల్‌కు పుట్టిల్లు అదేనంటారు. దాని గాయకుడు ఆజీ ఆస్బోర్న్‌ 2025 జులై 5న సొంతూరు బర్మింగ్‌హామ్‌లో చివరి కచేరీ చేసి, అదే నెల 22న కన్నుమూశాడు.

ఆ బరువుకు వేగం కలిసి, గొంతు గర్జనగా మారితే డెత్‌ మెటల్‌. డ్రమ్మరు రెండు కాళ్లతో రెండు పెడళ్లను కుట్టుమిషన్‌లా ఆడిస్తాడు. గిటారిస్టు అరచేతి అంచును తీగలకు ఆనించి, మోతను మధ్యలోనే తుంచుతాడు. గాయకుడిది కేవలం కేక కాదు. అసలు స్వరతంత్రుల పైన ఉండే మడతల్ని కంపింపజేస్తూ, పొట్టలోంచి ఊపిరి ఆపి వదిలే విద్య. తెలియక అరిస్తే గొంతు పాడవుతుంది. నచ్చడం నచ్చకపోవడం మన ఇష్టం... గంటల కొద్దీ సాధన లేకుండా మాత్రం రాదు.

పేరొచ్చింది... అతను లేడు

2007 మేలో వీళ్ల తొలి పూర్తి ఆల్బమ్‌ 'జెనెసిస్‌' వచ్చింది. అమెరికాలో అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్‌ 200 జాబితాలో ఏకంగా 54వ స్థానం! రేడియోలో వినపడని, టీవీలో కనపడని ఇలాంటి సంగీతానికి అది చిన్న సంగతి కాదు. రెండో ఆల్బమ్‌ 'రూయినేషన్‌' 2009 జులైలో మరింత పైకెక్కి 42వ స్థానానికి చేరింది. ఆ వేసవిలోనే స్లేయర్‌, మార్లిన్‌ మాన్సన్‌ లాంటి పెద్దవాళ్లున్న మేహెమ్‌ ఫెస్టివల్‌లో దేశమంతా తిరిగే అవకాశం.

కానీ రూయినేషన్‌లో రవి భద్రిరాజు గిటారు లేదు. అప్పటికే అతను బృందం నుంచి తప్పుకున్నాడు. గొడవపడి కాదు... చదువు కోసం! అతని స్థానంలోకి అల్‌ గ్లాస్‌మన్‌ వచ్చాడు. దాంతో ఆరంభంలో ఉన్నవాళ్లలో మిగిలింది జానీ డేవీ ఒక్కడే.

ఇది చదివి కొందరు నాన్నలు 'చూశావా, చివరికి చదువే గెలిచింది' అనొచ్చు. పిల్లలేమో 'అయ్యో, కాస్త ఆగితే ఎంత పేరొచ్చేదో' అనొచ్చు. ఇద్దరి మాటలోనూ సగమే నిజం. ఎందుకంటే ఇలాంటి బృందానికి జాబితాలో పేరు రావడం వేరు, నెలాఖరుకు జీతం రావడం వేరు. రాబడిలో ఎక్కువ భాగం ఊరూరా తిరిగి చేసే కచేరీలూ, అక్కడ అమ్ముకునే టీషర్టుల మీదే. అంటే ఏడాదిలో నెలల తరబడి రోడ్డు మీదే బతుకు. ఇరవై ఏళ్ల వయసులో అది సరదా. పదేళ్లు అదే అంటే ఎవరైనా ఆలోచించాల్సిందే.

పదేళ్ల తర్వాత...

ఉన్నవాళ్లూ మారుతూనే వచ్చారు. 2011లో మరో ఇద్దరు వెళ్లిపోయారు. కొత్తవాళ్లొచ్చారు. 2012లో 'డెమనాక్రసీ', 2014 నవంబరులో 'సన్‌ ఈటర్‌' వచ్చాయి. ఈ చివరిదాంట్లో వేగం తగ్గి ఆలోచన పెరిగింది. మైస్పేస్‌ రోజుల కుర్రతనం పోయిందని విన్నవాళ్లు మెచ్చుకున్నారు. ఇక దూసుకుపోవడమే అనుకుంటున్న సమయంలో బృందం దాదాపు చప్పుడు లేకుండా పోయింది.

విడిపోయామని ప్రకటన లేదు. పత్రికల్లో పోట్లాటలు లేవు. పెళ్లిళ్లు, పిల్లలు, ఆగిపోయిన చదువులు, ఉద్యోగాలు... అంతే! రవి ముందే చేసిన పనిని మిగతావాళ్లు తర్వాత చేశారు. కౌబాయ్‌లకు నిజంగానే ఉద్యోగాలొచ్చాయన్నమాట.

అక్కడితో అయిపోతే ఇది మామూలు కథే. 2024 ఫిబ్రవరి 23న 'మూన్‌ హీలర్‌' పేరుతో మళ్లీ ఓ ఆల్బమ్‌ వచ్చింది. సన్‌ ఈటర్‌లో చెప్పిన కథకు కొనసాగింపు అది. మధ్యలో తొమ్మిదేళ్ల పైచిలుకు విరామం. అయినా పాత అభిమానులు మరిచిపోలేదు. ఇల్లూవాకిలీ చక్కబెట్టుకున్నాక, తీరిక చూసుకుని పట్టుకున్నా గిటారు పలికింది.

మన ఊళ్లోనూ...

ఈ మోత అమెరికాకే పరిమితం కాదు. హైదరాబాద్‌లోనే 2015లో గాడ్‌లెస్‌ అనే డెత్‌ మెటల్‌ బృందం పుట్టింది. 2016లో 'సెంచరీస్‌ ఆఫ్‌ డెకడెన్స్‌', 2018లో 'స్వార్మ్‌' అనే చిన్న ఆల్బమ్‌లు, 2021లో 'స్టేట్స్‌ ఆఫ్‌ కేయాస్‌' అనే పూర్తి ఆల్బమ్‌ తెచ్చింది. సినిమా పాటే పాటగా చెలామణీ అయ్యే ఊళ్లో, తబలా కచేరీకి దొరికినంత తేలిగ్గా వేదిక కూడా దొరకని సంగీతంతో ఆరేళ్లలో మూడు ఆల్బమ్‌లు తేవడం మాటలు కాదు. తొలిదానికీ పూర్తి ఆల్బమ్‌కీ మధ్య ఐదేళ్లు. తొందర లేదు... వదిలేయడమూ లేదు.

అరిజోనా అయినా హైదరాబాద్‌ అయినా ఈ కథలు చెప్పేది ఒకటే. బృందంలోంచి వెళ్లిపోయినవాడు ఓడిపోయినవాడు కాదు. ఉండిపోయినవాడు చెడిపోయినవాడూ కాదు. జెనెసిస్‌ ఆల్బమ్‌ను ఇవాళ తీసి విన్నా రవి భద్రిరాజు గిటారు అందులో మోగుతూనే ఉంటుంది. చదువుకోవడానికి వెళ్లినంత మాత్రాన అది చెరిగిపోలేదు.

శంషాబాద్‌లో వీడ్కోలు వేళయింది. లోపలికెళ్లే ముందు కుర్రాడు నల్లపెట్టె తెరిచి, గిటారు తీగల్ని కాస్త వదులు చేస్తాడు. విమానంలో చలికీ కుదుపులకీ మెడ మీద భారం పడకుండా ఉండటానికట. తల్లి ఆదుర్దాగా అడుగుతుంది... 'తీసేస్తున్నావా?'

'లేదమ్మా, వదులు చేస్తున్నానంతే. అక్కడికెళ్లాక మళ్లీ బిగించుకుంటా!'