ఒకే మాట, రెండు మతలబులు: సాఫ్ట్‌వేర్ ఇకరార్‌నామాలో రిగ్రెషన్ టెస్టింగ్

నికాహ్‌నామా రాసేటప్పుడు మెహర్ దగ్గర ఒక మాట వస్తుంది: ముఅజ్జల్. ఉర్దూలో ఇది రెండు రకాలు. ఐన్‌తో రాస్తే మెహర్ వెంటనే చెల్లించాలి. హంజాతో రాస్తే తర్వాత చెల్లించవచ్చు. చెవికి రెండూ ఒకటే. తెలుగులో రాస్తే కంటికీ ఒకటే. ఒక్క హర్ఫ్ తేడాతో ఒక ఆడపిల్ల హక్కు ఇవాళ్టిది అవుతుంది, లేదా ఎప్పటిదో అవుతుంది. అందుకే జాగ్రత్త తెలిసిన పెద్దలు ఆ మాట పక్కనే 'నగదు' అనో 'బాకీ' అనో విడమరిచి రాయిస్తారు.

నికాహ్‌నామాలో చూపించే ఈ హుషారు మనవాళ్లు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు చూపించడం లేదు. ప్రొద్దుటూరులో బట్టల దుకాణం, జమ్మలమడుగులో స్కూలు, పులివెందులలో చీనీకాయల మండీ, అన్నీ ఇప్పుడు కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు తెచ్చే ఇకరార్‌నామాలో ఒక లైను తరచుగా కనిపిస్తుంది: "ప్రతి అప్‌డేట్‌కు ముందు రిగ్రెషన్ టెస్టింగ్ చేస్తాం." చదవగానే తసల్లీ కలుగుతుంది. సంతకం పడిపోతుంది. ఆ రెండు మాటల మతలబ్ ఏమిటో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. తకరారు వచ్చిన రోజున అదే మాటను ఇద్దరూ రెండు రకాలుగా చదువుతారు.

ముందు మాటను అర్థం చేసుకుందాం. రిగ్రెషన్ అంటే వెనక్కి పోవడం. ఉర్దూలో పస్పాయి అనుకోండి. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా మార్చినప్పుడు, ఆ మార్పు వల్ల నిన్నటిదాకా సరిగా నడిచినవి ఇవాళ చెడిపోయాయా అని చూసే పరీక్షే రిగ్రెషన్ టెస్టింగ్. దీన్ని చాలామంది మరో పరీక్షతో కలిపేస్తారు. ఒక తప్పు దొరికింది, సరిచేశారు, ఆ తప్పు నిజంగా పోయిందా అని మళ్లీ చూశారు. అది రీటెస్టింగ్. తప్పు పోయింది సరే, దాన్ని సరిచేసే హడావుడిలో పక్కనున్నవేవీ చెడలేదు కదా అని చూడటం రిగ్రెషన్ టెస్టింగ్. పైకప్పు కారుతుంటే మేస్త్రీని పిలిచామనుకోండి. కారడం ఆగిందా అని చూడటం మొదటిది. మేస్త్రీ పైకెక్కి తొక్కినందుకు పక్క గదిలో పెంకు పగిలిందా అని చూడటం రెండోది.

పక్క గదిలో పెంకు పగలడం అరుదేమీ కాదు. ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఒక లోపాన్ని సరిచేస్తే మరో లోపం పుట్టే అవకాశం 20 నుంచి 50 శాతం దాకా ఉంటుందని. యాభై ఏళ్లయినా ఈ రంగంలో ఆ మాటను ఇప్పటికీ తలుచుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు ప్రొద్దుటూరు బజారుకు వద్దాం. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. అంతకుముందు వెయ్యి రూపాయలు దాటిన రెడీమేడ్ దుస్తులకు 12 శాతం ఉండేది. ఆ రోజు నుంచి ఒక్కో దుస్తుకు 2,500 రూపాయల దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 2,000 రూపాయల కుర్తా మీద పన్ను 240 నుంచి 100కు దిగింది. 3,000 రూపాయల షేర్వానీ మీద 360 నుంచి 540కి ఎక్కింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చక తప్పదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు మార్చి, నాలుగు కొత్త బిల్లులు కొట్టి చూసి, "రిగ్రెషన్ కూడా చేశాం సేఠ్" అన్నాడనుకుందాం.

సెప్టెంబర్ 20న అమ్మిన కుర్తాను గిరాకీ 25న వాపస్ తెస్తే ఏమవుతుంది? అమ్మిన రోజు రేటు 12 శాతంతోనే లెక్క తిరగాలి. సాఫ్ట్‌వేర్ 5 శాతంతో తిప్పితే ఒక్కో కుర్తాకు 140 రూపాయల తేడా. పాత ఉధార్ ఖాతాలు, నెలాఖరు రిటర్ను, స్టాకు విలువ అన్నీ దీనికి ముడిపడి ఉన్నవే. మన ఊరి బంగారం దుకాణాల సంగతి ఇంకో రకం. బంగారం మీద రేటు మారలేదు, ముందూ 3 శాతమే, తర్వాతా 3 శాతమే. అక్కడ చూడాల్సింది మారకూడనిది మారకుండా ఉందా లేదా అని. అసలు రిగ్రెషన్ టెస్టింగ్ అంటేనే అది.

ఇందులో ఎవరూ ఝూట్ చెప్పలేదు. కుర్రాడి దృష్టిలో నాలుగు బిల్లులు కొట్టి చూడటమే రిగ్రెషన్. సేఠ్ దృష్టిలో దుకాణం మొత్తం మునుపటిలా నడవడం. కాగితంలో మాట ఒక్కటే. నుక్సాన్ ఎవరు భరించాలన్న దగ్గర ఇద్దరికీ చెడుతుంది.

దుకాణంలో అయితే పోయేది డబ్బు. పిల్లల చదువు దగ్గర ఇదే జరిగితే ఏమవుతుందో తెలంగాణ 2019లో చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన పరీక్షలు. ఫలితాల ప్రాసెసింగ్ పని గ్లోబరీనా టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థ చేతిలో ఉంది, వ్యవస్థ కొత్తది. పరీక్ష రాసిన పిల్లలకు గైర్హాజరు పడింది. తెలుగులో సున్నా చూపించిన ఒక అమ్మాయికి తర్వాత సరిచూస్తే 99 మార్కులు తేలాయి. అందులో మనిషి బబ్లింగ్‌లో చేసిన పొరపాటు ఉంది. కానీ మిగతా సబ్జెక్టుల్లో అంత బాగా రాసిన పిల్లకు ఒకదాంట్లో సున్నా వస్తే ఆగి అడిగే తనిఖీ ఎక్కడా లేకపోయింది. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఏ మరణానికి ఏది కారణమో మనం తీర్పు చెప్పలేం. ఆ తల్లిదండ్రుల గమ్ మాత్రం నిజం. చివరికి ఫెయిలైన పిల్లలందరి జవాబు పత్రాలనూ రుసుము లేకుండా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది.

ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి ఇక్కడ మనకు ముఖ్యం: పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన నడిపి రెండింటి ఫలితాలనూ పోల్చిచూసే ప్యారలల్ రన్ జరగలేదు. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టేటప్పుడు రిగ్రెషన్ టెస్టింగ్ రూపం ఇదే. ఒకే జవాబు పత్రాల మార్కులు రెండింట్లోనూ వేయండి, తేడా వచ్చిన ప్రతి పేరు దగ్గరా ఆగండి. ఒప్పందంలో ఈ మాట షర్తుగా, తేదీతో, ఎవరు సంతకం పెట్టాలో చెబుతూ ఉంటే, అది పూర్తికాకుండా ఫలితాలు విడుదల చేయడం అంత తేలిక కాదు.

డబ్బున్న దేశాల్లో ఇలాంటివి జరగవనుకోకండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ కొత్త ప్రోగ్రాం పెట్టింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. ఏళ్ల తరబడి నిద్రపోతున్న పాత కోడ్ అందులో మేల్కొంది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయింది. మారని భాగం ఎలా ప్రవర్తిస్తుందో చూడకపోవడం ఎంత ఖరీదో ఆ ఉదయం తేలింది.

"ఇన్ని రాసుకోవాలా? నమ్మకం మీద నడిచే బేరాలు కావా?" అని కొందరు అడుగుతారు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలోది. అప్పు లావాదేవీని రాసి పెట్టుకోవడం, గవాహుల సంగతి అందులో వివరంగా ఉన్నాయి. రాసుకోవడం అంటే ఎదుటివాణ్ణి శంకించడం అని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఏం అమ్ముతున్నారో, ఎంత అమ్ముతున్నారో తేలని బేరాన్ని ఫిఖహ్‌లో గరర్ అంటారు. దేశ చట్టమూ ఈ దారిలోనే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 29 ప్రకారం అర్థం నిశ్చయంగా లేని, నిశ్చయం చేయడానికి వీలుకాని ఒప్పందాలు చెల్లవు. ఒక్క మాట మసకగా ఉంటే మొత్తం కాగితం చిరిగిపోతుందని కాదు. ఆ మాటను పట్టుకుని హక్కు అడగడం మాత్రం కష్టమవుతుంది.

భూమి కొనేటప్పుడు మన కడప జిల్లాలో చెక్కుబందీ లేని దస్తావేజును ఎవరైనా ఒప్పుకుంటారా? తూర్పున ఎవరి పొలం, పడమర ఏ వంక అని నాలుగు దిక్కులూ రాయిస్తాం. రిగ్రెషన్ టెస్టింగ్‌కూ అలాంటి హద్దులు కావాలి.

మొదటి హద్దు ఫెహ్రిస్త్. ఏయే పనులు చెడకుండా ఉండాలో జాబితా రాసి ఒప్పందానికి జతచేయాలి. చీనీకాయల మండీ అయితే తూకం, కమీషన్, హమాలీ, రైతుకు ఇచ్చిన అడ్వాన్సు కోత, చెల్లింపు చీటీ. స్కూలు అయితే ఫీజు రసీదు, అన్నదమ్ములు చదువుతుంటే ఇచ్చే రాయితీ, పాత బకాయి, టీసీ, మార్కుల జాబితా. కొత్త తప్పు దొరికిన ప్రతిసారీ దాని పరీక్ష కూడా ఈ ఫెహ్రిస్త్‌లో చేరాలి. అప్పుడే అదే తప్పు మళ్లీ తలుపు తట్టదు.

రెండోది సమయం. ఏ మార్పుకు ఈ పరీక్ష చేయాలి? "పెద్ద అప్‌డేట్లకు" అని రాస్తే ఏది పెద్దదన్న బహస్ మొదలవుతుంది. చిన్న సవరణ, డేటాబేస్ మార్పు, సర్వర్ మార్పు, అన్నిటి పేర్లూ రాయాలి. పరీక్ష వాడుకలోకి వచ్చే ముందు జరగాలి, తర్వాత కాదు.

మూడోది నమూనా లెక్కలు. నిన్నటి నిజమైన లెక్కల నకలుతో నడిపితేనే అసలు రంగు తెలుస్తుంది. అయితే అందులో పిల్లల పేర్లు, రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటాయి. అవి అమానత్. వాటిని మరుగుపరిచాకే సాఫ్ట్‌వేర్ వాళ్ల చేతికి ఇవ్వాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో దేశంలో ప్రత్యేక చట్టమే వచ్చింది.

నాలుగోది జిమ్మేదారీ. పరీక్ష ఎవరు చేస్తారు, ఫలితం చూసి ఎవరు సంతకం పెడతారు, సబూత్‌గా ఏ నివేదిక ఇస్తారు? కోడ్ రాసినవాడే పరీక్షించి తనకు తానే మార్కులు వేసుకోకూడదు. తప్పు తేలితే సరిచేసే ఖర్చు ఎవరిది, సరిచేశాక ఫెహ్రిస్త్ మొత్తం మళ్లీ నడుపుతారా, పని ఆగిపోతే పాత వెర్షన్‌కు ఎన్ని గంటల్లో తీసుకెళతారు? ఇవన్నీ కాగితం మీదికి రావాలి.

సాఫ్ట్‌వేర్ వాళ్ల వైపు నుంచీ ఇన్సాఫ్‌గా చూద్దాం. ప్రతి చిన్న మార్పుకూ మొత్తం పరీక్షించాలంటే రోజులు పడుతుంది, డబ్బు అవుతుంది. ఏడాదికి కొన్ని వేలు ఇచ్చే దుకాణానికి బ్యాంకు స్థాయి పరీక్షలు చేయడం ఎవరి వల్లా కాదు. ఈ పరీక్షను ఎంచుకుని చేసుకోవచ్చని ఆ విద్య తెలిసినవాళ్లూ ఒప్పుకుంటారు. కాబట్టి ఎంచుకోండి. డబ్బు చేతులు మారే చోట్లు, పన్ను లెక్కలు, పిల్లల మార్కులు ప్రతిసారీ. రంగులు, అక్షరాల సైజు లాంటివి ఆరు నెలలకోసారి. ఏది ఎంచుకున్నారో రాసుకుంటే అమ్మేవాడికీ రక్షణే. ఫెహ్రిస్త్‌లో లేనిదానికి అతణ్ణి రిగ్రెషన్ పేరుతో నిలదీయలేరు.

వాడుకోవడానికి వీలుగా ఒక నమూనా షర్తు ఇక్కడ పెడుతున్నాను. మీ వకీలుకు చూపించి, మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

"ఈ ఒప్పందంలో రిగ్రెషన్ టెస్టింగ్ అంటే: సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా, అది వాడుకలోకి వచ్చే ముందు, మొదటి అనుబంధంలోని పనులన్నిటినీ రెండో అనుబంధంలోని నమూనా లెక్కలతో నడిపి, వచ్చిన ఫలితాలను మార్పుకు ముందటి ఫలితాలతో పోల్చడం. కోరి చేసిన మార్పు వల్ల వచ్చిన తేడాలు తప్ప మరే తేడా ఉన్నా ఆ మార్పును వాడుకలోకి తేకూడదు. నివేదికపై కొనుగోలుదారు తరఫు వ్యక్తి సంతకం ఉండాలి. ఇలా తేలిన లోపాలను అమ్మినవారు తమ ఖర్చుతో సరిచేసి, పరీక్షను మళ్లీ మొదటి నుంచి జరపాలి. పాత సాఫ్ట్‌వేర్ స్థానంలో కొత్తది పెట్టేటప్పుడు కనీసం ఒక నెల రెండింటినీ పక్కపక్కన నడపాలి."

ఇంగ్లీషులో ఉన్న పదిహేను పేజీల ఒప్పందం చూస్తే మన పెద్దవాళ్లకు బెదురు. కానీ పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, ప్రొద్దుటూరు ఇంజనీరింగ్ కాలేజీలోనో చదివి, బెంగళూరులో, హైదరాబాదులో టెస్టర్లుగా పనిచేస్తున్న పిల్లలు ఇప్పుడు మన మొహల్లాల్లో ఉన్నారు. వాళ్లకు ఈ పని రోజూ చేసేదే. పండక్కి ఇంటికొచ్చినప్పుడు అబ్బా దుకాణం కాగితాన్ని, మామూ నడిపే స్కూలు కాగితాన్ని ఒక గంట కూర్చుని చదివిపెట్టమనండి. ఫెహ్రిస్త్ రాసేటప్పుడు మాత్రం గల్లాలో కూర్చునే మనిషిని, రసీదులు రాసే ఆపాను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది చెడితే దుకాణం ఆగిపోతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు.