ఫోటో చిన్నది చేయండి, ఒరిజినల్ మాత్రం ఉంచండి

ఫెస్ట్ ఫోటోలు వెయ్యి ఉన్నా ఒక్కొక్కటే ఓపెన్ చేసి సైజు తగ్గించక్కర్లేదు. ఉచితంగా దొరికే ఇమేజ్‌మ్యాజిక్‌లో ఒక్క కమాండ్ చాలు. కానీ అందులోని మోగ్రిఫైకి వేరే ఫోల్డర్ చూపించకపోతే ఒరిజినల్ మీదే రాసేస్తుంది. అక్కడే నా గొడవ.

4000×3000 ఫోటో 1200×900 అయితే 1.2 కోట్ల పిక్సెళ్లలో మిగిలేది 10.8 లక్షలే. కుప్పంలో ఉన్న అమ్మకు వాట్సాప్‌లో పంపడానికి అది చాలు. 300 డీపీఐలో ప్రింట్ తీస్తే మాత్రం 4×3 అంగుళాలే! పుంగనూరు ఆవు పొట్టిదైనా పాలు చిక్కన. ఫోటో అలా కాదు, పోయిన వివరం మళ్లీ పెంచినా రాదు.

1919లో ఠాగూర్ మదనపల్లెలో జనగణమనను ఇంగ్లీషు చేశారు, బెంగాలీ మూలాన్ని చెరిపేయలేదు కదా! మనమూ ముందు కాపీ తీద్దాం, ఆ తర్వాతే కమాండ్ కొడదాం.