పుట్టిన ఊరిలో ముసాఫిర్

సెలవులు రాగానే సొంతూరు చూచి రావాలని అనేక కుటుంబాలు బయలుదేరుతాయి. అప్పుడు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పుట్టి పెరిగిన ఊరికి వెళ్ళినప్పుడు నమాజు పూర్తిగా చేయాలా, ఖస్ర్ చేయాలా? హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, ఒక వ్యక్తి ఆలుబిడ్డలతో మరొక ఊరికి తరలివెళ్ళి అక్కడే స్థిరపడితే, పాత ఊరు ఇక అతని అసలు వతన్‌గా మిగలదు. అది సుమారు 77 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండి, అక్కడ 15 రోజులకన్నా తక్కువ ఉండే సంకల్పంతో వెళితే అతను ముసాఫిరే. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా చేస్తాడు. స్థానిక ఇమాం వెనుక నిలబడితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి.

ఈ మస్అలాను పాతికేళ్ళుగా మదరసాలో బోధిస్తున్నాము. గత నెల నరసాపురంలో దానిని స్వయంగా ఆచరించాము.

మేము విజయవాడలో స్థిరపడి చాలాకాలమైంది. చిన్నబ్బాయిని వెంటబెట్టుకొని ఉదయపు బండి ఎక్కాము. గుడివాడ దాటి కైకలూరు, ఆకివీడు చేరేసరికి కిటికీకి ఇరువైపులా చెరువులే. మా చిన్నతనంలో వరిచేలుగా చూచిన నేల చేపలకు, రొయ్యలకు వెళ్ళిపోయింది. భీమవరం, పాలకొల్లు దాటాక పట్టాలు నరసాపురంలో ఆగిపోతాయి. బండిలో నిద్రపోయినా దిగవలసిన ఊరు దాటిపోదని మా నాన్నగారు నవ్వేవారు.

ముందుగా వశిష్ఠ గోదావరి ఒడ్డుకు, మాధవాయపాలెం రేవుకు వెళ్ళాము. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. ఒక రకం తెల్లని నూలుగుడ్డకు ‘మాడపొలం’ అన్న పేరు ఈ రేవు నుండే వచ్చిందంటే మా అబ్బాయి నమ్మలేదు.

మా ఇల్లున్న చోట ఇప్పుడు మూడంతస్తుల భవనం ఉంది. వాకిట కాసేపు నిలబడి వచ్చేశాము. మక్కా విజయం నాడు, మీ ఇంట్లో బస చేస్తారా అని అడిగితే, అఖీల్ మనకు ఇల్లేమైనా మిగిల్చాడా అని దైవప్రవక్త (స) ఎదురు ప్రశ్నించారు. పుట్టిన ఊరిలో ఆయన గుడారంలో దిగారు.

అసర్ వేళకు మసీదు చేరాము. ఇమాం సాహెబ్ మమ్మల్నే ముందుకు నెట్టారు. రెండు రకాతులకు సలాం చెప్పి, ‘మేము ముసాఫిర్లం, మీరు మీ నమాజు పూర్తి చేసుకోండి’ అన్నాము. నమాజు ముగిశాక ఒక వృద్ధుడు దగ్గరకు వచ్చి కూర్చున్నారు.

“మీ నాన్నగారు నలభై ఏళ్ళు ఇక్కడ అజాన్ ఇచ్చారు బాబూ. ఆయన బిడ్డవు, నీవు ముసాఫిర్ ఎలా అవుతావు?”

హజ్రత్ ఉమర్ (రజి) మక్కాలోనే పుట్టి పెరిగారు. తరువాత అక్కడికి వచ్చినప్పుడు రెండు రకాతులు చేయించి, మక్కా వాసులను తమ నమాజు పూర్తి చేసుకోమని చెప్పారు. ఆ సంగతే వివరించాము. ఆయన తల ఊపారు. “నమాజు సంగతి సరే. ఆ సరంగును చూడకుండా మాత్రం వెళ్ళకు. మంచం పట్టాడు.”

సరంగు అంటే రేవులో పంటు నడిపిన వ్యక్తి, మా నాన్నగారి ప్రాణస్నేహితుడు. ముస్లిం కారు. తండ్రి ప్రేమించిన వారితో బంధం నిలుపుకోవడాన్ని దైవప్రవక్త (స) ఉత్తమమైన పుణ్యకార్యంగా చెప్పారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) దారిలో ఎదురైన ఒక పల్లెవాసికి తన వాహనాన్ని, తలపాగాను ఇచ్చేశారు. అతని తండ్రి తన తండ్రికి స్నేహితుడు కావడమే కారణం. ఖస్ర్ రాయితీ నమాజుకే ఉంది, ఈ హక్కుకు లేదు.

ఖబ్రస్తాన్‌లో నాన్నగారి కోసం దుఆ చేసి సరంగు ఇంటికి వెళ్ళాము. చూపు ఆనడం లేదు. మా అబ్బాయి గొంతు విని, “తాతలాగే ఉంది” అన్నారు. భోజనం చేయకుండా కదలనివ్వలేదు. దింపించిన కొబ్బరికాయల సంచీ మోసుకుంటూ స్టేషను చేరేసరికి, బండికి పచ్చదీపం పడింది.