దులాభాయ్ యెజ్డీకి ఖీమత్ ఎవరు కట్టాలి?



మా దులాభాయ్ ఇంతెఖాల్ అయిన పదకొండో రోజు ఉదయగిరిలో వాళ్ళ ఇంటి ముందు పాత ఇనుము కొనే మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. పిలిచిందెవరో ఇప్పటికీ తెలియదు. వరండాలో గోనెపట్ట కప్పి ఉన్న యెజ్డీని చూసి, టైరు మీద కాలితో తన్ని, "తొమ్మిది వేలు ఇస్తా, ఆటో కూలి నాదే" అన్నాడు. మగవాళ్ళం నలుగురం కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. ఒకాయన పది చేయమన్నాడు. ఇంకొకాయన ఇంట్లో జాగా ఖాళీ అవుతుంది కదా అన్నాడు. లోపల ఇద్దత్‌లో కూర్చున్న మా ఆపాను ఒక్కరం కూడా అడగలేదు. నేనూ అడగలేదు. ఈ రాత రాయడానికి కారణం ఆ సిగ్గే.

బండి సంగతి ముందు చెప్తాను. అది 1984 రోడ్‌కింగ్. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చేసిన 250 సీసీ బండి. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. రెండు సైలెన్సర్లు, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి, కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా. దులాభాయ్ ఉర్దూ స్కూల్లో ఉస్తాద్. 1989లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, మరుసటి ఏడు ఆపాతో నికాహ్ అయింది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ బండి మీదే తిరిగారు. ఉదయగిరి దుర్గం కింద చెక్క గరిటెలు చెక్కే ఇళ్ళవాళ్ళు కట్టలు కట్టిస్తే, వెనక కట్టుకుని ఆత్మకూరు బస్టాండులో పార్సెల్ వేసేవాడు. ఏ.ఎస్.పేట ఉరుసుకు ఆపాను, పిల్లలను ఎక్కించుకుని వచ్చేవాడు. ఆత్మకూరులో మా ఇంటి సందు మలుపు తిరగకముందే ఆ చప్పుడు వినపడేది. అమ్మీ చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేసేది.

మన ఇళ్ళల్లో ఇంటి యజమాని పోతే ఇల్లు, పొలం గురించి మాట్లాడటానికి అందరూ జంకుతారు. జాగ్రత్త పడతారు. బండి దగ్గరికి వచ్చేసరికి జంకు ఉండదు. జియారత్ రోజే తాళాలు ఎవరో ఒకరి జేబులోకి పోతాయి. "ఊరికే నిలబడితే పాడవుతుంది, నేను తిప్పుతుంటా" అంటారు. మా ఇంట్లోనూ దులాభాయ్ తరఫు పెద్దమనిషి ఒకరు అదే మాట అన్నారు. నియ్యత్ చెడ్డదని నేను అనను. కానీ కొడుకు బతికి ఉండగా మరహూమ్ అన్నదమ్ములకు తర్కాలో హిస్సా లేదు. బండి కూడా తర్కానే. ఇంట్లో ఉన్న కుట్టు మిషన్, ఫోను, చేతి గడియారం, అన్నీ తర్కానే. ఆయన కళ్ళు మూసిన ఘడియ నుంచి అవి వారిసుల హఖ్. వాళ్ళ ఇజాజత్ లేకుండా ఒక్క రోజు తిప్పినా అది అమానత్‌లో ఖయానతే అని నా నమ్మకం. మాట కటువుగా ఉంటే మాఫ్ చేయండి.

ఇక మహర్. ఇది చెప్పడానికి నాకు గొంతు పట్టుకుంటుంది. జనాజా లేచే ముందు ఒక పెద్దావిడ ఆపా చెవి దగ్గర వంగి, "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయనకు బరువు ఉండకూడదు" అంది. ఇది ఎన్ని ఇళ్ళల్లో చూశామో! కట్టిన మనిషి మయ్యత్ ముందు కూర్చుని ఏడుస్తున్న ఆడదాన్ని ఖర్జ్ వదులుకోమని అడగడం! సూరె నిసాలో ఉన్నది మనస్ఫూర్తిగా ఇస్తే తీసుకోమని. ఏడుపులో పలికించిన మాట మనస్ఫూర్తి ఎలా అవుతుంది? ఆపా ఏమీ అనలేదు. దుపట్టా నోట్లో కుక్కుకుంది. ఆమె మౌనాన్ని అందరూ మాఫీ కింద రాసేసుకున్నారు.

ఆ మహర్ 5,000 రూపాయలు. 1990లో నికానామాలో రాసిన మొత్తం. ఆ రోజుల్లో 10 గ్రాముల బంగారం మూడు వేల పైచిలుకు. అంటే అప్పట్లో ఇచ్చి ఉంటే ఆపా చేతికి తులంన్నర దాకా బంగారం వచ్చేది. ఇప్పుడా 5,000కు ముక్కుపుడక కూడా చూసుకుని కొనాలి. కూతుళ్ళ నికాహ్ ముందు పెట్టుకున్నవాళ్ళు మహర్‌ను బంగారంలో రాయించుకోండి. ఇది పక్కదారి మాటే అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

తొమ్మిది వేల మనిషిని ఆ రోజు పంపించేసింది మేం కాదు. లోపలి నుంచి ఆపా తన చిన్న కూతురితో చెప్పించింది: "అమ్మీ అంటోంది, కాగితాలు చూడకుండా ఎవరూ ఖీమత్ మాట్లాడొద్దంట." అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె రేకు పెట్టెలో నికానామా, ఆర్సీ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి.

ఆర్సీ తీసి చూస్తే అసలు పని అప్పుడు మొదలైంది. పేరు ముందు ఆర్సీలో ఎస్.కె. అని, ఆధార్‌లో షేక్ అని, మరణ ధ్రువపత్రంలో షాయిక్ అని ఉంది. మన జమాత్‌లో ఈ జబ్బు లేని ఇల్లు ఉందా? బతికుండగా ఎవరూ పట్టించుకోం. పోయాక ముగ్గురూ ఒక్కడేనని ముద్రలు వేయించుకుంటూ తిరుగుతాం. రిజిస్ట్రేషన్ గడువు కూడా దాటిపోయి ఉంది. సొంత బండికి మొదట 15 ఏళ్ళు, ఆ తర్వాత ఐదేసి ఏళ్ళకు రెన్యూవల్ చేయించాలి. దులాభాయ్ రెండుసార్లు చేయించి, తర్వాత ఆరోగ్యం బాగాలేక వదిలేశాడు.

ఓనరు పోయినప్పుడు ఏం చేయాలో మోటారు వాహనాల రూల్స్‌లో ఉంది. ముప్పై రోజుల్లోపు ఆర్టీఓకు తెలియజేయాలి. మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టి వారిసు పేరు మీదికి మార్పించుకోవాలి. దానికి మరణ ధ్రువపత్రం కావాలి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, మిగతా వారిసులు మాకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇప్పుడు ఇద్దత్ లెక్క చూడండి. నాలుగు నెలల పది రోజులు. ప్రభుత్వం గడువు మూడు నెలలు. ఇద్దత్ అయ్యాక చూద్దాంలే అనుకున్న ప్రతి ఇంట్లోనూ గడువు దాటిపోతుంది. ఇద్దత్‌లో ఉన్న ఆడది కాగితం ముట్టుకోకూడదని ఎక్కడా లేదు. సంతకం ఇంట్లో కూర్చునే పెట్టొచ్చు. తప్పని జరూరత్ పడితే పగటి పూట వెళ్ళిరావడానికి ఉలమా ఇజాజత్ ఇస్తారు. మీ ఊరి ఆలిమ్‌ను అడగండి. నిఘా మరొకరికి వదిలేసి ఆమెను గదిలో కూర్చోబెట్టడం పర్దా కాదు.

పేరు మార్చకుండా "తెల్ల కాగితం మీద రాసుకుందాం, డబ్బులు ఇస్తా" అనేవాళ్ళు కూడా వచ్చారు. వద్దు. 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, రికార్డులో పేరున్నవాడే ఓనరని. బండి చేతులు మారి ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు వచ్చేది మరహూమ్ ఇంటికే.

ఖీమత్ విషయంలో నేను నేర్చుకున్నది ఇంత. ఇనుము మనిషి బరువుకు ధర చెప్తాడు. ఆత్మకూరు మెకానిక్ నడిస్తే ఎంత, నడవకపోతే ఎంత అని చెప్తాడు. మా యెజ్డీకి ముప్పై అయిదు, నడిపించి చూపిస్తే నలభై అన్నాడు. వీటిని దాటి ఇంకో ధర ఉంది. ఆ బండి కోసమే వెతుక్కుంటున్నవాడు ఇచ్చే ధర. దీన్ని అర్థం చేసుకోవడానికి ఉదయగిరి వాళ్ళకు కష్టం ఉండకూడదు. మన నర్ది చెక్క గరిటెకు దుర్గం కింద ఒక రేటు, హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో ఒక రేటు. జీఐ గుర్తింపు వచ్చిన చెంచా అదే, చెక్కిన చెయ్యి అదే. అడిగేవాడు మారాడంతే. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు మళ్ళీ కొత్త బండ్ల మీదికి వచ్చాక పాతవాటిని వెతికే కుర్రాళ్ళు కనిపిస్తున్నారు. అలాంటి వాళ్ళు ముందు చూసేది ఇంజను మీద, చాసిస్ మీద కొట్టిన నంబర్లు ఆర్సీతో కలుస్తున్నాయా అని. తర్వాత ట్యాంకు, మడ్‌గార్డులు, సైలెన్సర్లు కంపెనీవేనా అని.

"రంగు కొట్టించండి సార్, పదివేలు ఎక్కువ పలుకుద్ది" అని ఒక సలహా వచ్చింది. దాదాపు కొట్టించేవాణ్ణి. ఆపా ఒప్పుకోలేదు. ఆమె కారణం వేరు, ఆయన చెయ్యి పడిన రంగు అని. కానీ కొన్న కుర్రాడు తర్వాత చెప్పాడు, కొత్త రంగు వేసి ఉంటే అసలు వచ్చేవాణ్ణే కాదని. కింద తుప్పు ఎంత దాచారో అని అనుమానం వస్తుందట.

ఇంకొకాయన "వింటేజ్ బండి, రెండు లక్షలకు తగ్గొద్దు" అని ఆశ పెట్టాడు. వింటేజ్ అనే మాట ఇప్పుడు హలీమ్ మీద ఉల్లిపాయ చల్లినట్టు అన్నిటి మీదా చల్లుతున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్. మా 1984 బండికి ఇంకా టైముంది. పైగా ఆ కింద రిజిస్టర్ చేయిస్తే రోజూ రోడ్డు మీద తిప్పుకోవడానికి లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు అంతే. మరహూమ్ మీద ముహబ్బత్‌తో రెండు లక్షలు చెప్పి ఎండలో వానలో రెండేళ్ళు నిలబెట్టడం కూడా వారిసులకు నష్టమే. తొమ్మిది వేలకు ఇవ్వడం ఎంత తప్పో ఇదీ అంతే.

నా భాంజా కువైట్‌లో ఉన్నాడు. "అబ్బా బండి అమ్మొద్దు మామూ" అని ఫోనులో ఏడ్చాడు. వాడికి చెప్పాను, ఉంచుకో బేటా, కానీ ఖీమత్ తేల్చి అమ్మీకి, ఆపాలిద్దరికీ హిస్సాలు ఇచ్చి ఉంచుకో. నువ్వు కొడుకువని ఊరికే నీదైపోదు. రెండు రోజులు ఆలోచించి, రెండేళ్ళకోసారి వచ్చేవాణ్ణి దాన్నేం చూస్తాను, అమ్మేయండి అన్నాడు. మిగతా వారిసుల సంతకాలతో ముందు ఆపా పేరు మీదికి మార్పించాం. ఆ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో రాస్తే ఇది ఇంకో రాత అవుతుంది.

ఇద్దత్ అయ్యాక తిరుపతి వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. నంబర్లు చూసుకున్నాడు, టార్చి వేసి ట్యాంకు లోపల చూశాడు. కిక్కు కొట్టబోతే రాడ్డు కదల్లేదు. నేను ప్రయత్నించాను. పెద్దమనిషి ప్రయత్నించాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆపా, "లోపలికి నొక్కి, పైకి తిప్పాలి" అంది. తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పుకుంటూ పోయింది. బోరు ఏ సంవత్సరం చేయించారో, కార్బురేటర్ ఎవరి దగ్గర మార్చారో, వెనక చక్రం డ్రమ్ము కావలిలో ఎప్పుడు తెచ్చారో. ఆ కుర్రాడు ఫోనులో రాసుకున్నాడు. నాలుగు నెలలుగా ఖీమత్ కట్టడానికి మేం ఊరూరా మనుషుల్ని వెతికాం. ముప్పై ఏళ్ళు ఆ బండి వెనక సీటు మీద కూర్చున్న మనిషి ఇంట్లోనే ఉంది.

సౌదా 78,000 దగ్గర ఆగింది. ఆ మాట చెప్పింది కూడా ఆపానే. అందులో ముందు ఖర్జ్ తీశాం. దులాభాయ్ చేబదులు తీసుకున్న 9,000 ఇచ్చేశాం. కఫన్ దఫన్ ఖర్చు ఆయన దాచుకున్న డబ్బులోంచే ముందే అయిపోయింది. వసియ్యత్ ఏమీ లేదు. మహర్ 5,000 నేను విడిగా లెక్కపెట్టి ఆపా చేతిలో పెట్టాను. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. మిగిలిన 64,000లో భార్యగా ఎనిమిదో హిస్సా 8,000. తక్కినది నాలుగు భాగాలు, కొడుక్కి 28,000, కూతుళ్ళకు 14,000 చొప్పున. చిన్నమ్మాయి నాకొద్దు మామూ, అమ్మీకే ఇచ్చేయండి అంది. ముందు చేతిలోకి తీసుకో, తర్వాత నీ ఇష్టం అన్నాను. తీసుకుని, లెక్క చూసుకుని, అప్పుడు అమ్మీ ఒళ్ళో పెట్టింది.

కుర్రాడు బండిని వ్యానెక్కిస్తూ, పెట్రోల్‌లో ఆయిల్ కొలిచి పోసే పాత రేకు డబ్బా కూడా ఇస్తారా అని అడిగాడు. అది పెయింటు డబ్బా, దులాభాయ్ మేకుతో గీత గీసుకున్నాడు. ఆపా లేదంది. ఫోనులో ఉన్న భాంజా నవ్వుతూ, "అమ్మీ, అది కూడా తర్కానే కదా" అన్నాడు. మేం ఎవరం దానికి ఖీమత్ కట్టలేదు.