చిన్న జీపులో సకుటుంబంగా

మా బండిని మొదటిసారి చూసిన తెలుగువారెవరైనా అడిగేది ఒకటే: "ఇందులో నలుగురూ పడతారా?" పడతాం. పడుకోవడం సంగతే కొంచెం ఆలోచించాలి. ఈ మధ్య ముగ్గురు నలుగురు పాఠకులు తామూ ఇలాంటి చిన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొనుక్కుని పిల్లలతో గుడారం యాత్రలకు బయల్దేరాలనుకుంటున్నామనీ, డాక్టరుగా నా సలహా ఏమిటనీ అడిగారు. ఈ నెల శీర్షిక వారికోసం. బండి సంగతులు కొన్ని మావారి దగ్గర విన్నవి, కొన్ని నేను స్వయంగా మోసినవి. వైద్యం సంగతులు మాత్రం పూర్తిగా నా బాధ్యత.

మాది సుజుకీ జిమ్నీ. మన ఊళ్ళలో పోలీసు ఇన్‌స్పెక్టర్లు తిరిగిన మారుతీ జిప్సీ గుర్తుందా? 1985లో వచ్చిన ఆ జిప్సీ ఈ వంశానిదే. జపానులో మొదటి జిమ్నీ 1970లో వచ్చింది, ఆటోరిక్షాకు అన్నగారంత ఇంజనుతో. ఇప్పటి రూపం 2018 నాటిది. అయితే కొనబోయేవారు ఒకటి గమనించాలి. ఐరోపా వారి కర్బన నిబంధనల దెబ్బకు 2021 నుంచి ఇక్కడ దీన్ని వెనక సీట్లు తీసేసి, రెండు సీట్ల సరుకుల బండిగా అమ్మారు. పాత బేరాల్లో చవగ్గా కనిపించేవాటిలో అవీ ఉంటాయి. కనుక రంగూ టైర్లూ చూసే ముందు రిజిస్ట్రేషన్ కాగితంలో ఎన్ని సీట్లని రాసి ఉందో చూడండి. ఐదు తలుపుల జిమ్నీ 2023లో మన గురుగ్రామ్ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది కానీ జర్మనీ షోరూములకు రాలేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా మరిది దాన్ని నడుపుతుంటే మావారి ముఖం చూడాలి!

ఇక లెక్కలోకి వద్దాం. ఈ బండి మొత్తం బరువు 1435 కిలోలు దాటకూడదు. ఖాళీ బండే 1100 పైచిలుకు. మిగిలేది 300 చిల్లర. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, వాళ్ళ సీట్లు కలిసి 190. అంటే సామాను కోసం మిగిలేది 110 కిలోలో, ఇంకా తక్కువో. వెనక సీట్లు ఎత్తి ఉంచితే డిక్కీలో చోటు 85 లీటర్లే. పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు పెడితే అయిపోయింది! పైకప్పు మీద మడత గుడారం బిగిద్దామని మగవారందరికీ కోరిక. ఆ గుడారాలు సాధారణంగా 50 కిలోలకు పైమాటే. జిమ్నీ ఇరుకుగా, ఎత్తుగా ఉండే బండి, బరువంతా నెత్తిన పెడితే మలుపుల్లో ఊగుతుంది. పైకప్పు మీద ఎంత బరువు పెట్టవచ్చో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చదివితే కోరిక దానంతటదే చల్లారుతుంది.

మా ఏర్పాటు చెబుతాను. రాత్రికి సామానంతా గుడారంలోకి మారుతుంది. ముందు సీట్ల తలగడలు తీసేసి, వాటిని వెనక్కి వాల్చితే వెనక సీటుతో కలిసి ఒక ఎగుడుదిగుడు మంచం తయారవుతుంది. దానిమీద పరుపు వేసుకుని నేనూ నాలుగేళ్ళ అమ్మాయీ పడుకుంటాం. ఎనిమిదేళ్ళ పుత్రరత్నం, తండ్రి బయట నేలమీద గుడారంలో. రాత్రి ఎవరికి మెలకువ వచ్చినా అద్దం మీద వేలితో కొడతారు. రెండు కొట్లు అంటే "దాహం", మూడు అంటే "నాన్న గురక".

గుడారం కట్టుకుని తిరగడం తెల్లవాళ్ళ సరదా అనుకునేవారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర చదవాలి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా, వెంట సుమారు నూరుమంది పరివారం, పల్లకీలు, గుడారాలు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ దారి గులకరాళ్ళది, ఏది బురదది అన్నీ రాసుకున్నారు. నాకు నచ్చేది అదే. ఆయనకు దారి ఎంత ముఖ్యమో మజిలీ అంతకంటే ముఖ్యం. మన బండి మోజుగాళ్ళకు దారి ఒక్కటే కనిపిస్తుంది.

మరి మజిలీ ఎక్కడ? ఇక్కడి అడవిలో కాలినడకన ఎవరైనా తిరగవచ్చు, అది చట్టం ఇచ్చిన హక్కు. కానీ మోటారు బండితో అడవి బాటల్లోకి పోకూడదు, అక్కడ గుడారం వేయకూడదు. రోడ్డు పక్క పార్కింగులో అలసట తీరేందుకు ఒక రాత్రి బండిలో పడుకుంటే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. కుర్చీలు, బల్ల, స్టవ్వు బయట పరిచారా, అది విశ్రాంతి కాదు, క్యాంపింగు. సరిహద్దు దాటి ఫ్రాన్సులోకి వెళితే, 1991 జనవరి చట్టం ప్రకారం బండ్లు ప్రజలకు తెరిచిన దారుల మీదే నడవాలి. ఇన్ని చెప్పాక "మరి ఫోర్‌వీల్ ఎందుకు తల్లీ" అంటారు. నిజమే, మన చుట్టుపక్కల దాని అసలు ఉపయోగం వాన పడిన క్యాంపు మైదానంలోంచి పెద్ద పెద్ద కారవాన్లు బయటకు రాలేక తంటాలు పడుతుంటే, మనం నవ్వు దాచుకుని ముందుకు పోవడమే. రాళ్ళ దారి కావాలంటే ఇటలీలోని పియెమాంట్‌కు పోవాలి. అక్కడ అసియెత్తా కొండదారి 2500 మీటర్ల ఎత్తు దాకా కంకరమీదే వెళుతుంది, జులై ఆగస్టుల్లో వారానికి రెండు రోజులు మోటార్లకు మూసేస్తారు. అది వచ్చే ఏటి మాట.

కొత్తవారు మొదటి రాత్రి బోస్టాల్‌జేలో గడపండి. జార్‌బ్రూకెన్‌కు గంటలోపు దూరం, చెరువు, ఆటస్థలం, వేడినీళ్ళు ఉన్నాయి, ఏదైనా తేడా వస్తే ఇంటికొచ్చి పడుకోవచ్చు. రెండో యాత్రకు వోజ్ కొండలు. కొండల నెత్తిన సాగే రూట్ దె క్రెత్ అనే రోడ్డును మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యం తన అవసరానికి వేసుకుంది. దారి పక్కన హోనెక్ శిఖరం 1363 మీటర్లు. అక్కడి పశువుల కొట్టాల్లో అమ్మే మున్‌స్టర్ జున్ను వాసన చూశాక, మన ఇంగువ డబ్బాను ఎవరూ తప్పు పట్టలేరని నాకు ధైర్యం వచ్చింది.

ఆ వోజ్ కొండల్లోనే నేను ఈ శీర్షిక రాయడానికి అసలు కారణం జరిగింది. ఆగస్టు నెల, రెండో రాత్రి. సాయంత్రం నుంచి వాన. చలి ఏడు డిగ్రీలకు దిగింది. పిల్లవాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. "గ్యాస్ స్టవ్వు గుడారం వాకిట్లోకి లాగి పది నిమిషాలు వెలిగిద్దాం, జిప్పు కొంచెం తెరిచే ఉంచుదాం," అన్నారు మావారు. వద్దన్నాను. "పది నిమిషాలే కదా" అన్నారు. పది నిమిషాలు కూడా వద్దన్నాను. పక్క గుడారంలో ఒక కుటుంబం బొగ్గుల పళ్ళెం అప్పుడే లోపలికి తీసుకెళుతోంది, దాన్ని కూడా ఆయన నాకు సాక్ష్యంగా చూపించారు. నేను ఆయనకు జవాబు చెప్పడం మాని, వానలో తడుస్తూ వాళ్ళ దగ్గరకు వెళ్ళాను. నాకు వచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కల్లో "డాక్టర్" అన్నది బాగా పనిచేసింది. పళ్ళెం బయటికి వచ్చింది.

కారణం చెబుతాను. నిప్పుకు గాలి సరిగా అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, వాంతి, మత్తు. అందరికీ ఒకేసారి వస్తుంది కనుక మధ్యాహ్నం తిన్న పెరుగన్నం మీదికి నెపం పోతుంది. కాసేపు పడుకుంటే తగ్గుతుందని పడుకుంటారు. కొందరు లేవరు. పిల్లలు వేగంగా ఊపిరి తీస్తారు కనుక విషం వారికి ముందు ఎక్కుతుంది. మంట ఆరిపోయి బూడిద కప్పిన బొగ్గులు గంటల తరబడి దీన్ని వదులుతూనే ఉంటాయి. మంట లేదు కదా అని లోపలికి తెచ్చే పళ్ళెమే అన్నింటికంటే ప్రమాదం.

"మా అమ్మమ్మ బాలింత గదిలో కుంపటి పెట్టేది, మేమంతా బతకలేదా?" అని ఒక పెద్దావిడ నన్ను నిలదీశారు. బతికారు, పెంకుల దయవల్ల. పెంకుటింటికి ప్రతి పెంకు సందునా ఒక కిటికీ. నైలాను గుడారానికి ఆ సందులు లేవు. వానకు తడిస్తే దాని గుడ్డ గాలి అసలు వదలదు. జిమ్నీ లోపలి చోటు మన పాత ఇళ్ళ మంచాల కింది చోటుకంటే కొంచెమే ఎక్కువ. అద్దం ఒక అంగుళం దించాం కదా అన్న భరోసా చాలదు.

ఇంకొక విషయం ఇళ్ళలో ఆక్సిమీటర్లు కొనిపెట్టుకున్నవారికి. కరోనా రోజుల్లో అందరం కొన్నాం. వేలికి తగిలించే ఆ పరికరం ఆక్సిజన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ వేరుగా పోల్చుకోలేదు. మనిషి విషంతో ఉన్నా 98 అని చూపించవచ్చు. దాన్ని నమ్మి ఊరుకోవద్దు. అనుమానం వస్తే ముందు అందరినీ బయటి గాలిలోకి లాగండి, తర్వాత 112కు ఫోన్ చేయండి, పొయ్యి వెలిగించిన సంగతి తప్పకుండా చెప్పండి. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటా గంటన్నర. అందుకే ఆస్పత్రి. బ్యాటరీ అలారాలు దొరుకుతాయి, పెట్టెమీద ఈ.ఎన్. 50291-2 అని ఉన్నవి బండ్లకూ పడవలకూ తగినవి. మేము ఒకటి కొన్నాం. అలారం ఉంది కదా అని పొయ్యి లోపలికి రాదు.

ఆ రాత్రి ఏం చేశామంటారా? స్టవ్వు వానలోనే, గొడుగు కింద. నేను గొడుగు పట్టుకున్నాను, ఆయన నీళ్ళు కాచారు. రబ్బరు సంచుల్లో పోసి, మూతలు బిగించి, తువ్వాళ్ళు చుట్టి పిల్లల కాళ్ళ దగ్గర పెట్టాం. తడిసిన బట్టలు విప్పించి, పొడి మేజోళ్ళు, ఉన్ని టోపీలు వేశాం. కింద చాప మందంగా ఉండాలి, చలి పైనుంచి కంటే నేలనుంచి ఎక్కువ లాగుతుంది. అన్నం వండే ప్రసక్తి లేదు కనుక, తిరుపతి యాత్రకు కట్టుకున్నట్టు ఇంటినుంచి తెచ్చిన పులిహోర చల్లగానే తిన్నాం. మావారు మర్నాడు పదిన్నర దాకా నాతో మాట్లాడలేదు. కాఫీ పెట్టేటప్పుడు మాత్రం స్టవ్వును గుడారానికి పది అడుగుల దూరాన పెట్టి, "సరిపోతుందా డాక్టరుగారూ?" అన్నారు.

పిడుదుల సంగతి క్లుప్తంగా. ఇక్కడ త్సెకె అంటారు. మన దగ్గర ఇవి పశువుల తలనొప్పి, ఇక్కడ మనుషులది. ఇవి తెచ్చే జబ్బుల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది మెదడువాపు, దీనికి టీకా ఉంది. మన పక్కనున్న జార్‌ఫాల్జ్ జిల్లాను ప్రభుత్వ సంస్థ రాబర్ట్ కోఖ్ ఇన్‌స్టిట్యూట్ ప్రమాద ప్రాంతంగా ప్రకటించింది. మూడు మోతాదులు పూర్తి కావడానికి నెలలు పడుతుంది కనుక చలికాలంలోనే మొదలుపెట్టండి. రెండోది లైమ్ జబ్బు. దానికి టీకా తీసుకోలేదే అని దిగులు పడకండి, అది ఇక్కడ ఇంకా వాడుకలో లేదు. కానీ పురుగు చాలా గంటలు పట్టుకుని ఉంటే గాని సాధారణంగా అంటదు. అందుచేత రోజూ సాయంత్రం పిల్లల చెవుల వెనక, జుట్టు అంచున, చంకల్లో, గజ్జల్లో వెతకాలి. పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి. నూనె, గోళ్ళరంగు పూయకూడదు. తర్వాత కొన్ని వారాలు ఆ చోట ఎర్రని వలయం పెరుగుతుందేమో చూడాలి. పుస్తకాల్లోని బొమ్మలు తెల్ల చర్మం మీదివి. మన చామనచాయ మీద అది ఎర్రగా కాక ముదురుగా, వంగపండు రంగులో కనిపించవచ్చు. మీ డాక్టరు తేలిగ్గా తీసుకుంటే "వలయం పెరుగుతోంది" అని గట్టిగా చెప్పండి, రోజూ పెన్నుతో అంచు గీసి చూపించండి.

చివరగా కాగితాలు. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ మన ఫ్రెంచి సరిహద్దులో కూడా తనిఖీలు మొదలుపెట్టింది. గోల్డెనె బ్రెమ్ దాటి కాఫీకి పోయినా పాస్‌పోర్టులూ, నివాస అనుమతి కార్డులూ నలుగురివీ ఉండాలి. మావి పొడి డబ్బాలో, ఆవకాయ సీసాకు దూరంగా ఉంటాయి.

వచ్చే నెల: విమానంలో పిల్లల చెవిపోటు.