సముద్రం ఒడ్డు పల్లెకి పేరుంది, మన రొయ్యకి ఊరు లేదు

మా గోదావరి జిల్లాల్లో రైతుకి హాలిడే అంటే ముందు గుర్తొచ్చేది క్రాప్ హాలిడే. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావట్లేదని ఖరీఫ్ నాట్లే మానేసి పొలాలు బీడు పెట్టారు. అందుకే మొన్న డిసెంబర్ 24న న్యూజెర్సీలో మా అమ్మాయి "నాన్నా, ఇవాళ హాలిడే డిన్నర్‌కి బయటికెళ్తున్నాం" అంటే నవ్వొచ్చింది.

తీసుకెళ్ళింది ఇటలీ సముద్రతీరం వంటలు చేసే ఖరీదైన హోటల్‌కి. ఆ రాత్రి స్పెషల్ పేరు 'ఏడు చేపల విందు'. క్రిస్మస్ ముందు రోజు మాంసం తినకపోవడం క్యాథలిక్కుల ఆచారం. దక్షిణ ఇటలీ నుంచి పొట్ట చేతపట్టుకుని అమెరికా వచ్చిన పేదవాళ్ళు ఆ పూట ఉప్పు చేపో, చిన్న చేపలో, చవగ్గా ఏది దొరికితే అది వండుకునేవాళ్ళు. మన ఎండు చేపల కూర లాంటి తిండే. ఇప్పుడది కొవ్వొత్తుల వెలుగులో, తలకి ఇంత అని లెక్కగట్టి వడ్డిస్తున్నారు. దానికి నాకేం బాధ లేదు. పేదోడి కూడుకి గౌరవం వస్తే మంచిదే కదా.

అల్లుడు మెనూ చదివి అర్థం చెప్తున్నాడు. స్పగెట్టీలో కలిపేది 'చెటారా' రసం అట. చెటారా అంటే ఇటలీలో అమాల్ఫీ తీరాన రెండు వేల మంది ఉండే చేపల పల్లె. చిన్న చేపల్ని ఉప్పేసి, చెక్క పీపాల్లో బరువు పెట్టి నెలల తరబడి ఊరబెడితే కారే రసం అది. 2020లో యూరోపియన్ యూనియన్ దానికి ఊరి పేరుతోనే రక్షణ ఇచ్చింది. టమాటాకీ ఊరుంది, సాన్ మార్జానో. ఆ కింద 'రొయ్యల లింగ్వినీ, 42 డాలర్లు' అని ఉంది. రొయ్యకి మాత్రం ఊరు లేదు, దేశం కూడా లేదు.

"బాబూ, ఈ రొయ్య ఎక్కడిదో అడుగు" అన్నాను. "ఎందుకులెండి మామయ్య గారూ" అని మొహమాటపడ్డాడు. అమ్మాయే అడిగింది. వెయిటర్ పాపం మర్యాదగా లోపలికెళ్ళి కనుక్కొచ్చి చెప్పాడు: "ఇండియా."

అది నా చెరువు రొయ్యే అని నేననను. కానీ అమెరికాకి రొయ్యలు పంపే దేశాల్లో ఏళ్ళ తరబడి ముందున్నది మనమే. మన దేశంలో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే. చెంచాడు చేప రసానికి పల్లె పేరు రాసినవాళ్ళకి, ప్లేటు మధ్యలో ఉన్న రొయ్య ఊరు రాయడానికి చోటు లేకపోయిందా?

లెక్క చెప్తాను. ఆ ప్లేటులో ఐదు రొయ్యలున్నాయి. మొన్నటి పట్టుబడిలో నాకు 30 కౌంటు కిలో 450 పడింది. అంటే ఒక్కోటి 15 రూపాయలు, ఐదూ కలిపి 75. ప్లేటు ఖరీదు మన డబ్బుల్లో మూడున్నర వేల పైమాటే. మిగతాదంతా నాకే రావాలని అడగను. వంటవాడు, అద్దె, కరెంటు, ఓడ, ఐసు, అన్నీ ఉంటాయి. నేనడిగేది పేరు.

పేరెందుకంటారా? పేరు లేని సరుకుని ఎవడైనా కొట్టొచ్చు. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగింది. ఆ వార్త రాగానే మా ఊళ్ళో కొనేవాళ్ళు కౌంటు రేటు కోసేశారు. తినేవాడికి మనం ఎవరో తెలీదు కాబట్టి మన కోసం అడిగేవాడు లేడు. మనది కాకపోతే ఇంకో దేశం రొయ్య. అదే చెటారా రసం బదులు ఇంకో రసం పోస్తే కస్టమర్ ఊరుకుంటాడా?

అక్కడి చట్టం కూడా ఇలాగే ఉంది. షాపులో పచ్చి రొయ్య అమ్మితే ఏ దేశానిదో రాయాలి. హోటల్‌కి ఆ నియమం లేదు. లూసియానా రాష్ట్రంలో మాత్రం బయటి దేశం రొయ్య వడ్డిస్తే ఆ మాట కస్టమర్‌కి తెలియజేయాలని చట్టం తెచ్చారు. అక్కడి వేటగాళ్ళు మనకి పోటీదారులే, ఆ చట్టం మన మీదకి వచ్చిందే. అయినా నేను దాన్ని సమర్థిస్తాను. 'ఇండియా' అని దాచి అమ్మితే చవక సరుకుగానే మిగిలిపోతాం.

"వనామీ మన జాతి కాదుగా, మన పేరెలా పెడతాం?" అని కామెంట్ పెట్టేవాళ్ళు ఉంటారు. నిజమే, 2009లో అనుమతి వచ్చాకే మన చెరువుల్లోకి దిగింది. మరి టమాటా ఇటలీదా? అమెరికా ఖండం నుంచి వెళ్ళిందే. వాళ్ళు నేలకి, పద్ధతికి పేరు పెట్టుకున్నారు. మనమూ ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ తెచ్చుకున్నాం. చేతకాని పనేం కాదు.

ఇక మన తప్పు. పేరు కావాలంటే బాధ్యత కూడా రావాలి. జబ్బు రాగానే ఎవడో చెప్పాడని యాంటీబయాటిక్ చల్లేవాడు మనలోనే ఉన్నాడు. వాడి ఒక్క కంటైనర్ వెనక్కొస్తే మచ్చ అందరికీ. పేరు లేనంత కాలం వాడు దొరకడు. నిజాయితీగా పెంచినవాడికి అదనంగా రూపాయి కూడా రాదు. పేరుంటే ఇద్దరి లెక్కా తేలుతుంది.

ఎంపెడా మన చెరువులకి నమోదు నంబర్లు ఇస్తోంది. ఆ నంబరు కాగితాల్లోనే ఆగిపోతోంది. ఎగుమతిదారులూ, మీ ప్యాకెట్ మీద మీ బ్రాండు పక్కనే జిల్లా పేరు వెయ్యండి. రైతు సోదరులూ, మేత, మందుల లెక్క పుస్తకంలో రాయండి. అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఒకటే మాట. పండక్కి పెద్ద హోటల్‌కి వెళ్ళండి, హాయిగా తినండి. మొహమాటపడకుండా ఒక్కసారి "ఈ రొయ్య ఎక్కడిది?" అని అడగండి. పది బల్లల దగ్గర పదిమంది అడిగితే పదకొండో రోజుకి మెనూలో రాస్తారు.

రొయ్య బాగానే ఉందండి. కాస్త ఎక్కువ ఉడికింది, అంతే.