అరవై గజాల ఇంట్లో ఆంగన్

పదిహేను అడుగుల వెడల్పు, ముప్పై ఆరు అడుగుల పొడవు. నగరంలో మధ్యతరగతి కుటుంబానికి దొరికే అరవై గజాల స్థలమంటే ఇదే. కష్టార్జితంతో కొన్న జాగాలో ఒక్క అడుగైనా వదలరాదని గోడ నుండి గోడ వరకు కట్టేస్తున్నాము. ఇక మధ్యగదిలో మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వెలగవలసిందే. ఆ గదిలో రోజంతా గడిపేది స్త్రీలు, వృద్ధులు, పసిపిల్లలు. నక్షా గీయించేటప్పుడు వారిని అడిగేవారు అరుదు.

ఇంటి నడుమ, ఒక పక్కగోడను ఆనుకొని, ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున ఆకాశం వరకు ఖాళీ వదలాలని మా అభిప్రాయం. మొత్తం స్థలంలో అది పద్దెనిమిదో వంతే. హైదరాబాదు పాత దేవిడీలలోని ఆంగన్‌కు ఇది చిన్న రూపం. ఇంట్లోని వేడిగాలి తేలికై ఆ దారిన పైకి పోతుంది. ఆ లోటును పూరించడానికి వీధి కిటికీ గుండా బయటి గాలి లోనికి వస్తుంది. కిటికీకి మట్టి జాలీ అమర్చితే గాలీ ఆగదు, పర్దాకూ లోటుండదు. కిటికీ మూయడమే పర్దా అనుకున్నందువల్లనే మన ఇళ్లలో ఇంత ఉక్కపోత.

తూర్పు ముఖపు ఇల్లయితే సాయంత్రపు ఎండ కాచే పడమటి వైపున మెట్లు, స్నానాలగది ఉంచాలి. పడకగది చల్లగా ఉంటుంది. మరుగుదొడ్డి బేసిన్‌ను మాత్రం ఉత్తర దక్షిణాలుగా బిగించమని మేస్త్రీకి ముందే చెప్పాలి. మన ఖిబ్లా దాదాపు పడమరే కదా! డాబాకు తెల్లసున్నం వేయిస్తే పైఅంతస్తులో వేడి తగ్గుతుంది.

హైదరాబాదులో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. యాభై చదరపు మీటర్ల డాబా మీద అది 40 వేల లీటర్లు. కొంత ఆవిరైనా, మిగిలింది ఇంకుడు గుంతలోకి పంపవచ్చు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అనగా లీటరు కన్నా తక్కువతో, వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. కుళాయి తిప్పి వదిలితే మనకు నాలుగు లీటర్లు ఇట్టే పోతాయి. ఐదుగురున్న ఇంట్లో ఐదు పూటలకు అది నూరు లీటర్లు. వుజూ చేసే చోటికి విడిగా గొట్టం వేయిస్తే ఆ నీరు ఆంగన్‌లోని మొక్కలకు చాలు.

ఇక పొరుగువారి హక్కు. పొరుగువాడు మన గోడలో తన దూలం అమర్చుకుంటానంటే అడ్డుకోరాదని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ప్రవక్త (స) బోధన ఉంది. మనమేమో పైఅంతస్తును వీధిలోకి మూడడుగులు జరిపి ఎదురింటి వెలుతురును మింగుతున్నాము! పక్కింటివారు కూడా కట్టబోతుంటే రెండు ఆంగన్‌లూ ఒకే గోడకు అటూఇటూ వచ్చేలా చూసుకోవచ్చు. నడిమి గోడ పైభాగాన్ని జాలీతో కడితే రెండిళ్లకూ వెలుతురు పెరుగుతుంది. ఇందుకు పైసా అదనపు స్థలం అక్కరలేదు. నక్షా మంజూరుకు పంపకముందే దానిని తీసుకొని వారి తలుపు తట్టాలి, అంతే.